జలుబు పట్టని గిడ్లీ

సాలిస్బరీ అనే ఇంగ్లీషు ఊరి బయట గుట్ట మీద జలుబు పరిశోధన శిబిరం ఉండేది. యుద్ధం ముగిశాక ఖాళీ అయిన చెక్క గదుల్లో దాన్ని పెట్టారు. అక్కడ నేను వ్యాను తోలేవాణ్ణి. స్టేషన్ నుంచి ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని తీసుకొచ్చేవాణ్ణి. డాక్టర్లు వాళ్ల ముక్కుల్లో జలుబు క్రిములున్న చుక్కలు వేసేవారు. కొందరికి జలుబు చేసేది. వాళ్ల సెలవు అయిపోయాక మళ్లీ స్టేషన్‌లో దింపేవాణ్ణి. జలుబుకు మందు మాత్రం దొరకలేదు. నాకు జీతం సక్రమంగా వచ్చేది కాబట్టి దాని గురించి నేనేమీ అనను.

తిండి, గది, రైలు ఖర్చు అన్నీ ఉచితం. అందుకని కొత్త జంటలు కూడా వచ్చేవి. షరతల్లా ఒకటే, బయటి మనిషి ఎవరైనా సరే ముప్పై అడుగుల దూరంలో ఉండాలి. భోజనం డబ్బా గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి, పరిగెత్తడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

హొరేస్ గిడ్లీ ఏటా వసంతంలో వచ్చేవాడు. రెడింగ్‌లో ఒక బొత్తాల ఫ్యాక్టరీలో పెట్టెలకు కాగితాలు అంటించేవాడు. పెళ్లి కాలేదు, తల్లి పోయింది. సెలవులకు జనం సముద్రం ఒడ్డుకు పోతారు. ఇతను జలుబు కోసం మా దగ్గరికి వచ్చేవాడు. అదీ దక్కేది కాదు. ఎన్ని చుక్కలు వేసినా ఆ ముక్కు పొడిగానే ఉండేది.

"సముద్రానికి పోరాదటయ్యా, గిడ్లీ?" అని ఒకసారి స్టేషన్ నుంచి వస్తూ అడిగాను.

"అక్కడ నన్నెవరు పలకరిస్తారు లెన్? ఇక్కడైతే మేట్రన్ గారు రోజూ పొద్దున్నే వచ్చి, 'ఇవాళ ఎలా ఉంది, గిడ్లీ గారూ?' అని అడుగుతారు. చెప్పేదాకా కదలరు. రాసుకుంటారు కూడా."

"అది ఆవిడ ఉద్యోగమయ్యా బాబూ."

"తెలుసులే. అయినా అడుగుతారు కదా."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు. మొత్తం రెడింగ్ మీదే అనుకుంటాను.

శిబిరంలో నర్సులకు పెద్ద మేట్రన్ రడక్, పొడుగాటి మనిషి. మాస్కు పైన కళ్లు తప్ప మాకు ఆమె ముఖం తెలియదు. సాయంత్రాలు అందరి రుమాళ్లూ పోగుచేసి తూకం వేసేది. ఎవరి జలుబు ఎంత బరువో తెలియాలి కదా. దాన్ని సైన్స్ అంటారు.

ఒక ఏడు కొత్త మందు వచ్చింది. అది పనిచేస్తుందో లేదో తేలాలంటే ముందు జలుబు చేసి తీరాలి. మొదటి రోజే మేట్రన్ గుమ్మంలో నిలబడి గిడ్లీకి ఉన్నమాట చెప్పేసింది.

"ఈసారి కూడా జలుబు చేయకపోతే, వచ్చే ఏడు నుంచి మిమ్మల్ని పిలవొద్దన్నారు డాక్టర్లు. మీ ఆరోగ్యం మాకు దేనికీ పనికి రావట్లేదండీ."

మర్నాడు నేను డబ్బా పెట్టి పరిగెత్తుతుంటే గిడ్లీ కిటికీలోంచి కేకేశాడు.

"లెన్! మిరియాల పొడి కాస్త ఎక్కువ పంపించు!"

"దేంట్లోకి? ఇవాళ తీపి గంజేగా!"

"దేంట్లోకైతే నీకెందుకయ్యా? పంపమన్నానా, పంపు!"

పంపాను. మధ్యాహ్నానికి అతని తుమ్ములు శిబిరమంతా వినిపించాయి. ఎదుటి గదిలోని కాలేజీ కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం మేట్రన్ తక్కెడ ముందు నిలబడి గిడ్లీ రుమాలు ఒకటి వాసన చూసింది. అది ఆరిపోయి అట్టముక్కలా బిగిసింది.

"టీ," అంది. "చక్కెర దండిగా వేసిన టీలో ముంచాడు."

"పోనీలెండి మేట్రన్ గారూ. పాపం, ఏడాదికోసారి వస్తాడు."

"ఎలా పోనిస్తాను? టీకి మందేసి, తగ్గిందని రాసుకుంటే, రేపు దేశమంతా ఆ మందు మింగుతుంది."

డాక్టర్లకు చెప్పేసింది. తర్వాత గిడ్లీ గుమ్మానికి వెళ్లింది. నేను డబ్బాలు సర్దుతున్నట్టు నటిస్తూ అక్కడే ఉన్నాను.

"ఇవాళ ఎలా ఉంది, గిడ్లీ గారూ?"

"జలుబండీ. బాగా పట్టింది."

"గిడ్లీ గారూ."

అతను తల దించుకున్నాడు. "బాగానే ఉందండీ. ఏమీ లేదు."

ఆమె అదే రాసుకుంది. మర్నాడు నేను అతణ్ణి స్టేషన్‌లో దింపాను. 

చలికాలం మొదట్లో మేట్రన్ పేరున ఒక బిస్కెట్ డబ్బా వచ్చింది. నిండా రుమాళ్లు. పైన చీటీ: 'ఇది నిజంది. ఫ్యాక్టరీలో అంటుకుంది. మీకు పనికొస్తుందేమోనని.' డాక్టర్లు పారెయ్యమన్నారు. ఆమె తూకం వేసింది.

"చాలా ఎక్కువగా ఉంది, లెన్," అంది. "ఆదివారం నాకు సెలవు. వ్యాను తియ్యి."

పెట్రోలు ఎవరి ఖాతాలో అని అడగబోయి, ఆ కళ్లు చూసి ఊరుకున్నాను.

రెడింగ్‌లో తలుపు తీసింది గిడ్లీయే. ముక్కు ఎర్రగా, మెడకు గుడ్డ. మమ్మల్ని చూడగానే వెనక్కి నడిచాడు. గది దాటి, వంటిల్లు దాటి, వెనక గోడకు వీపు ఆనేదాకా నడిచాడు. ఆ ఇంట్లో ముప్పై అడుగులు లేవు.

"దగ్గరికి రాకండి మేట్రన్ గారూ! నిజంగానే పట్టింది!"

ఆమె మాస్కు తెచ్చుకోలేదు. ఆ ముఖం మొత్తం నేను చూడటం అదే మొదటిసారి. ముక్కు కాస్త పెద్దది. లోపలికి వెళ్లి, కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ ఎలా ఉంది, గిడ్లీ గారూ?"

రాసుకోవడానికి చేతిలో ఏమీ లేదు. అతను చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు నొప్పితో మొదలైన మాట పోయిన వాళ్లమ్మ సంగతికి వచ్చేసరికి చీకటి పడింది. ఈలోగా నేను టీ పెట్టాను, అతని దాంట్లో చక్కెర దండిగా వేశాను.

మళ్లీ ఆదివారం కూడా ఆమె వ్యాను తియ్యమంది. ఈసారి దారంతా తుమ్ములు ఆమెవే. శిబిరంలో అందరి రుమాళ్లూ తూచిన మనిషి తన రుమాలు ఎక్కడ పెట్టుకుందో తెలియక వెతుక్కుంటోంది. గిడ్లీ జలుబు తగ్గిపోయింది. తలుపు తీసి ఆమెను చూశాడు. ఈసారి వెనక్కి నడవలేదు.

"ఇవాళ ఎలా ఉంది, మేట్రన్ గారూ?" అని అడిగాడు.

అన్నేళ్లలో ఆమెను ఆ మాట ఎవరూ అడగగా నేను వినలేదు. నేనూ అడగలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.  ఎలా ఉందో ఆమె చెప్పేదాకా అతను కదలలేదు.