వీధి వైపు కిటికీ

ఎదుటి మనిషి అబద్ధం చెబితే ఇట్టే పట్టేస్తానని నాకు గట్టి నమ్మకం ఉండేది. సోషియాలజీలో ఎమ్మే చదివాను, పదేళ్ళు అత్తగారింట్లో మెలిగాను. ఇంతకన్నా అర్హత ఏం కావాలి? అందుకే మూడేళ్ళ కిందట షార్జాలో ఒక ప్రొఫెసరుగారు తమ సర్వేకి ఫారాలు నింపే మనిషి కోసం చూస్తున్నారని తెలియగానే నేనున్నానన్నాను. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే తెలుగు ఆడవాళ్ళు ఫోన్ ఎలా వాడతారు, తమ ఇంట్లో తమ మాట ఎంత చెల్లుతుంది, ఇవీ అడగాల్సినవి.

శనివారాలు అల్ నహ్దా అనే పేటలో తిరిగేదాన్ని. సెలవు దొరికే ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి అక్కడో గది అద్దెకు తీసుకుని ఉంచుకుంటారు. ఆరు రోజులు ఒకరింట్లో, ఆ ఒక్కరోజూ తమ గదిలో. మెట్లెక్కుతుంటే చేపల పులుసు వాసనను బట్టే మనవాళ్ళది ఏ అంతస్తో తెలిసిపోయేది.

ఒక శనివారం నేను కలిసినావిడది రాజోలు వైపు. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఒక అరబ్బు కుటుంబంలో పదకొండేళ్ళుగా వంటపని. ఫోన్‌ను నూనె డబ్బాకు ఆనించి నిలబెట్టి, ఉల్లిపాయలు తరుగుతూ నాకు జవాబులు చెబుతోంది. ఫోన్‌లో ఎవరో ఇటుకలు అందుకుంటున్నారు. ఏదో సినిమా అనుకున్నాను.

"రోజుకి ఎంతసేపు ఫోన్ చూస్తావక్కా?"

"అబ్బే, ఎక్కడ కుదురుద్దండి? పనయ్యాక కాసేపు."

నూనె డబ్బా వంక చూస్తూనే రాసుకున్నాను.

"ఊళ్ళో మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"నేనేనండి. ఆడదాన్ని నేనుండగా ఇంకెవరు చేత్తారు?"

"ఏదైనా తేల్చాల్సి వస్తే మాట ఎవరిది?"

"మా ఆయనదేనండి. ఆయనెంత చెప్తే అంత."

అప్పటిదాకా కలిసిన ఆడవాళ్ళు చాలామంది ఇంచుమించు ఇవే మాటలు చెప్పారు. నేనూ టిక్కులు పెట్టుకుంటూ పోయాను. పాపం ఎంత అణిగిమణిగి ఉన్నారో అని జాలి కూడా పడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఉన్నట్టుండి ఆవిడ కత్తి కింద పెట్టేసింది.

"మేస్త్రీగారండీ, ఆగండాగండి! అక్కడ గోడెందుకు లేపుతున్నారు? అది కిటికీ కదండీ?"

అది సినిమా కాదు, ఊళ్ళో కడుతున్న ఆవిడ ఇల్లు. వీడియో కాల్ పొద్దుటినుంచీ నడుస్తూనే ఉందట. వంటగదికి వీధి వైపు కిటికీ కోసం వదిలిన ఖాళీలో మేస్త్రీ అప్పటికే రెండు వరసల ఇటుకలు పేర్చేశాడు.

"అయ్యగారే మూసెయ్యమన్నారమ్మా. సిమెంటు ఆరిపోతే మళ్ళీ పగలగొట్టాలి. ఉంచాలో తియ్యాలో ఇప్పుడే చెప్పండి."

ఆవిడ నా వైపు తిరిగింది.

"నేను పంజేసే ఇంట్లో ఏసీ చల్లదనం పోద్దని కిటికీ తియ్యనివ్వరు మేడంగారూ. బయట ఎండో వానో తెలీకుండా పదకొండేళ్ళు వండేను. రేపు ఎల్లిపోయాక నా పొయ్యికాడ నిలబడి వీధి చూసుకుందామని ఇల్లు మొత్తంలో ఇదొక్కటే కోరుకున్నానండి."

తర్వాత ఫోన్‌లోకి వంగి భర్తను పిలిచింది. భుజాన తువ్వాలుతో ఆయన వచ్చాడు.

"ఏవండీ, ఎందుకు మూయమన్నారు?"

"దుమ్మొస్తదే."

"దుమ్మైతే కిటికీకి రెక్కలెట్టించుకుందాం. అసలు సంగతి చెప్పండి."

ఆయన వెనక్కి చూసుకుని గొంతు తగ్గించాడు. "ఈదిలో పోయే ప్రతోడూ సూత్తాడే. పెళ్ళాం దుబాయ్‌లో సంపాదిత్తంటే ఈడు పప్పు తాలింపేసుకుంటున్నాడంటారు. పాతింట్లో అంటే పెరటేపు వండుతున్నాను, ఎవుడికీ కనపడను."

పదకొండేళ్ళుగా ఈవిడ ఇక్కడుంటే ఊళ్ళో వండుతున్నదెవరన్నది నాకు తట్టనే లేదు. వంట ఎదురుగా 'నేనే' అన్న చోట నేను పెట్టిన టిక్కు ఇంకా ఆరలేదు.

ఆవిడకు కోపం ముంచుకొచ్చింది. "మీ పరువు పోకూడదనే కదండీ ఈడ ఎవరడిగినా వంట నేనే అని చెప్తున్నాను! ఇప్పుడు ఈ మేడంగారికీ అదే చెప్పేను. ఇద్దరు పిల్లల్ని వండి పెట్టి పెద్దోళ్ళని చేసేరు. ఏం దొంగతనం చేసేరని గోడెనకాల దాక్కుంటారండి?"

తాపీ చేతిలో పట్టుకుని మేస్త్రీ ఇద్దరి మాటా వింటున్నాడు. మేస్త్రీ వింటున్నాడన్న సంగతి ఆయనకీ తెలుసు. ఆ విన్నది సాయంత్రానికి ఊరంతా పాకుతుందనీ తెలుసు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"తీసెయ్ మేస్త్రీ," అన్నాడు చివరికి. "కిటికీ ఉంచెయ్."

ఇటుకలు ఒక్కొక్కటే తడితడిగా ఊడి వచ్చాయి. ఖాళీలోంచి వీధి కనబడింది, సైకిల్ మీద ఎవరో పోతున్నారు. ఆవిడ ఏడ్చింది. మనిషి మీద మనిషికి అంత ప్రేమ ఉండగా నేను అడుగుతున్న ప్రశ్నలేమిటి అనిపించింది.

మిగిలిన ఉల్లిపాయ అందుకుని ఆవిడ నా కాగితం వైపు చూసింది. "ఆ వంట కాడ నా పేరు కొట్టేసి మా ఆయన పేరెట్టండి. ఇల్లయ్యాక ఊరే సూత్తది, మీ దగ్గర దాపరికమెందుకు?"

కొట్టేసి రాశాను. "మరి మాట ఎవరిదన్న ప్రశ్నకి?" అని అడిగాను.

ఆవిడ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "అది మా ఆయనదేనండి. ఇప్పుడే ఇన్నారు కదా, తీసెయ్యమన్నదెవరు?"

ఆ టిక్కు అలాగే ఉంచాను. అంతకు ముందు నింపిన ఫారాలు మాత్రం వేటినీ నమ్మొద్దని ప్రొఫెసరుగారికి చెప్పేసి, పై శనివారం మళ్ళీ మొదటి గది నుంచి మొదలుపెట్టాను.