రావు అని పెట్టిన పేరు

పొద్దున బాపు పాత అంగీలు నానబెడితే, ఎన్నిసార్లు ఉతికినా వదలని మగ్గం నూనె వాసన గుప్పుమంది. దానితోపాటే సూరత్ బమ్రోలిలో మేం పెరిగిన ఒంటిగది, గోడకవతల దడదడలాడే మరమగ్గాలు, ఆ మోతలో వినబడాలని అరిచినట్టే మాట్లాడుకునే మా వాడకట్టు, దసరా ముందు అమ్మ నువ్వులు దంచి చేసే సత్తుపిండి, అది అంటిన వేళ్లు నాకుతూ నేనూ తమ్ముడూ ఆడిన గోటీలు, అన్నీ గుర్తొచ్చాయి.

బాపు పేరు రాజయ్య. కార్ఖానాలో రాజుభాయ్. సొంతూళ్లో, దొర ఉండే గడీ ముందు మాత్రం రాజిగాడు. ఏడో తరగతిలో బడి మానేసినా బాపుకు మాటలంటే పిచ్చి. అన్నం కలుపుతూ మాకు చెప్పేవాడు: "రాజు అన్న మాటే రాయ అయింది, రాయ అరిగి రావు అయింది. ఎన్కట అది ఏలెటోళ్ల బిరుదు. గాడు అంటే చేసెటోడు. వేటగాడు, పాటగాడు. అండ్ల తప్పు లేదు బిడ్డా, పిలిచెటోని నోట్లె ఉంటది." అందుకే కొడుకు పుట్టగానే పట్టుబట్టి వెంకట్రావు అని పెట్టుకున్నాడు.

తమ్ముడికి ఆరేళ్లప్పుడు బతుకమ్మకు ఊరికి పోయాం. తంగేడుపూల పచ్చదనం, గునుగుపూలకు రంగులద్ది ఎర్రబడ్డ తాత వేళ్లు, తడిసిన గుమ్మడాకుల వాసన. వాకిట్లో అమ్మ "వెంకట్రావూ" అని కేకేసింది. బాటన పోతున్న దొర ఆగి, తమ్ముణ్ణి పిలిచి పేరడిగాడు. వాడు బడిలో చెప్పినట్టే చేతులు కట్టుకుని గట్టిగా చెప్పాడు.

"ఏంది రాజిగా, మీ ఇంట్ల రావులు పుట్టవట్టిరి?"

తాత చేతులు జోడించాడు. "పోరడు దొరా, తెల్వక చెప్పిండు. ఎంకటిగాడు."

"వాన్నే చెప్పమను."

తమ్ముడు బాపు మొహంలోకి చూశాడు. బాపు వంగి, రాలిన తంగేడుపూలు ఏరసాగాడు.

"ఎంకటిగాడు," అన్నాడు వాడు, వినీ వినబడనట్టు.

ఆ సాయంత్రం మా ఇంట్లోంచి ఎవరూ ఆటకు పోలేదు. తెల్లారి బస్సెక్కాం. తాత వెనకాలే వచ్చినా బాపు తిరిగి చూడలేదు. రైల్లో తమ్ముడు "బాపూ, నా పేరేంది?" అని అడిగితే, పత్తిచేల వైపు చూస్తూ "వెంకట్రావే" అన్నాడు. మళ్లీ ఆ ఊరు తొక్కలేదు.

కొన్నేళ్లకు చూపు మందగించి తాతే మా దగ్గరికొచ్చాడు. సూరత్‌లో దొర ఎవరికీ తెలియడు. అయినా తాత తలుపు తడిమి, గడియ పడిందని నమ్మకం కుదిరాకే గొంతు తగ్గించి పిలిచేవాడు: "ఎంకట్రావ్, జర మంచినీళ్లియ్యి కొడుకా." మొదటిసారి విన్నరోజు బాపు కంచం ముందునుంచి లేచి బయటికి పోయాడు. తిరిగొచ్చి తాత పక్కనే కూర్చున్నాడు.

ఇప్పుడు తాత లేడు. గడీ కూలిపోయిందట. మా మగ్గాల గల్లీలో ఫ్లాట్లు లేచాయి. తమ్ముడు సూరత్ పక్కనే ఉన్న సచిన్‌లో బట్టల మిల్లు సూపర్‌వైజర్, అందరికీ వెంకీభాయ్. మొన్న వాడి కూతురు హిందీలో అడిగింది, "పప్పా, నీ పూర్తి పేరేంటి?" అని.

"వెంకట్," అన్నాడు వాడు.

"అంతేనా?"

"బస్, అంతే."

బాపు మంచంమీదే ఉన్నాడు. విన్నాడు. మెల్లగా గోడవైపు ఒత్తిగిలాడు.