కళ్లజోడు తీస్తే

చేపల మేత కంపెనీ పెట్టిన రామకోటేశ్వరరావుగారికి ఎవరినీ పొమ్మనడం చేతకాదు. అందుకని ఆయన అసిస్టెంట్ శ్రీదుర్గ ఒక ఏర్పాటు చేసింది. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టగానే ఆమె గాజుతలుపు తోసుకొచ్చి, "సార్, హనుమాన్ జంక్షన్ నుంచి ఫోనండీ," అంటుంది. ఫోనూ లేదు, పాడూ లేదు. వచ్చినవాడి పని అంతటితో సరి. ఏళ్ల తరబడి ఎందరినో అలాగే సాగనంపింది. మొన్న కొత్తగా చేరిన సింధూరికీ అదే నేర్పింది.

ఇవాళ ఆయన శ్రీదుర్గను లోపలికి పిలిచి, ఎన్నడూ లేనిది, కూర్చోమన్నారు.

"మీ అమ్మగారు ఎలా ఉన్నారమ్మా?"

"బాగానే ఉన్నారండీ. నావల్ల ఏమైనా తప్పు జరిగిందా సార్?"

ఆయన ఆమెవైపు చూడకుండా కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

వెనక గాజుతలుపు చప్పుడైంది.

"సార్," అంది సింధూరి, "హనుమాన్ జంక్షన్ నుంచి ఫోనండీ."