సముద్రం వేషం

నిన్న నారాయణగూడలో కొట్టతను నీలం గుడ్డ తాను విప్పగానే కొత్త గంజి వాసన గుప్పుమంది. మా శకుంతల టీచర్ గుర్తొచ్చారు. చిక్కడపల్లిలో నేను చదివిన బడిలో ఆమె సోషల్ చెప్పేవారు. అప్పుడు నాది ఎనిమిదో తరగతి. వయసుకు మించిన ఒడ్డూ పొడుగూ. తోటి పిల్లలు లారీ అని పిలిచేవాళ్ళు. భుజాలు ముడుచుకుని, ఆఖరి బెంచీలో గోడకు ఒదిగి కూర్చునేదాన్ని.

ఆ ఏడు వార్షికోత్సవానికి టీచర్ నార్వే వైపు పాత పురాణాల్లోంచి ఒక కథను నాటకంగా రాశారు. అందులో ఏగిర్ అని సముద్రాన్ని ఏలే మహాకాయుడు ఉంటాడు. అలలు అతని తొమ్మిదిమంది కూతుళ్ళు. ఉరుముల దేవుడు థార్ వచ్చి దేవతలందరికీ విందు పెట్టమంటే, అందరికీ చాలేంత గంగాళం తెమ్మంటాడు ఏగిర్. అసలు కథలో ఆ గంగాళం నిండా మద్యమేనట. టీచర్ దాన్ని పాయసం చేశారు.

ఏగిర్ వేషం నాకిచ్చారు. ఇంటికెళ్ళి ఏడ్చాను. మర్నాడు స్టాఫ్‌రూముకు వెళ్ళి, "నాకొద్దు టీచర్. అందరు రాక్షసి అంటరు," అన్నాను.

ఆమె దిద్దుతున్న కాగితాలు పక్కన పెట్టారు. "రాక్షసి ఏంది? సముద్రం. నువ్వు సముద్రం చూసినవా?"

"లేదు టీచర్. మీరు?"

"నేను గూడ చూడలే. అందుకే నిన్ను చెయ్యమంటున్న. జర మాకు చూపియ్యి."

నాటకం రోజు తొమ్మిదిమంది ఆడపిల్లలు నీలం గుడ్డ పట్టుకుని అలల్లా ఊపుతున్నారు. థార్ మాట్లాడుతుండగా మైకు ఆగిపోయింది. హాల్లో గోల మొదలైంది. థార్ వేషం వేసిన పిల్లకు కళ్ళనిండా నీళ్ళు. నాకూ పారిపోదామనిపించి తెర పక్కకు చూశాను. అక్కడ టీచర్ కంగారేమీ పడకుండా నా వైపే చూస్తూ నిలబడ్డారు, నిజంగానే సముద్రాన్ని చూడబోతున్నట్టు. నేను భుజాలు విప్పి, గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచాను: "నా వాకిట్లోకి వచ్చినవాళ్ళు ఆకలితో తిరిగి వెళ్ళరు! తీసుకురండి గంగాళం!"

గోల ఆగిపోయింది. ఆఖరి వరుసదాకా వినబడిందట. నాకు లారీ అని పేరు పెట్టిన పద్మ ఆ రోజు ఒక అల. గుడ్డ ఊపుతూనే, "ఏం గొంతే నీది!" అంది గుసగుసగా.

చాలా ఏళ్ళకు విశాఖ వెళ్ళి మొదటిసారి సముద్రం చూశాను. రిటైరై అశోక్‌నగర్‌లో ఉంటున్న టీచర్‌కు అక్కణ్ణించే ఫోన్ చేసి, ఫోన్ అలల వైపు పట్టుకున్నాను. ఆమె కాసేపు విని, "మంచిగనే ఉంది గని, నీ అంత జోరు లేదు," అన్నారు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఆమె పోయి మూడేళ్ళు. ఇప్పుడు నేనూ టీచర్నే. బడి తెరిచిన మొదటిరోజు, క్లాసులో అందరికంటే తక్కువ చోటు తీసుకుని కూర్చున్నది ఎవరా అని చూస్తాను. ముందు ఆ పిల్ల పేరు నేర్చుకుంటాను.