ఎడమ కన్ను తెరిచిన రాక్షసుడు

నా చిన్నప్పుడు మా సాలెవాడలో కళ్లు లేని మొహాలకు భయపడని పిల్లను నేనొక్కదాన్నే. వరంగల్‌లో మా పక్కింటి తాత, ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ల కోసం పటాలు గీసేవాడు. మా నాయన నేసిన ముతక గుడ్డకు గంజి, సుద్దమట్టి పట్టించి, ఎర్రరంగు పరిచి, దాని మీద దేవుళ్లను, రాక్షసులను వరసగా దించేవాడు. అన్నీ అయ్యేవి, కళ్లు మాత్రం పెట్టేవాడు కాదు. పటం చేయించుకున్న కథలవాళ్లు వచ్చి కొబ్బరికాయ కొట్టాకే కళ్లు తెరవాలి. అందాకా ఆ తెల్లటి గుంటలు గోడ మీది నుంచి ఎవరినో వెతుకుతున్నట్టు ఉండేవి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. చేతులు ఊరుకునే రకం కాదు. మేడారం జాతర అయిన నెలలో ఒక మధ్యాహ్నం, తాత అన్నానికి లేచిన సమయం చూసి, కుంచె తీసుకుని రాక్షసుడి ఎడమ కంట్లో నల్లచుక్క పెట్టేశాను. ఎందుకంటే ఏం చెప్పను, పొగరు! పెట్టిన మరుక్షణం వాడు నన్ను చూశాడు. కుంచె పడేసి ఇంటికి పరుగెత్తాను.

ఇంట్లో తమ్ముడు ఒళ్లు కాలిపోతూ పడుకుని ఉన్నాడు. పొద్దున నాతో ఆడుకున్నవాడే. మూడోనాటికి మొహం నిండా పొక్కులు. అమ్మవారు పోసిందన్నారు, గుమ్మానికి వేపమండలు కట్టారు. “ఎవరి కన్ను వడ్డదో నా కొడుకు మీద” అని అమ్మ ఏడ్చింది. ఎవరి కన్నో నాకు తెలుసు మరి.

తాత దగ్గరికి పోయి వెక్కుతూ అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. ఆయన పటం వంక చూడనే లేదు. మా గుమ్మానికున్న వేపమండల వంకే చాలాసేపు చూశాడు.

“తెరిచిన కన్ను మూయరాదు బిడ్డా,” అన్నాడు. “వాడు నీ దిక్కే చూడాలె. ఎదురుంగ కూసొని కథ చెప్పు. నువ్వు మీ ఇంట్ల అడుగు పెట్టినవనుకో, వాని చూపు నీ ఎంబడే వచ్చి పోరని మీద పడ్తది.”

కూర్చున్నాను. తిండీ పడకా అక్కడే, తాత ఇంటి అవ్వ దగ్గర. తెలిసిన కథలు రెండు రోజుల్లో అయిపోయాయి. ఇక కల్పించడం మొదలుపెట్టాను. చెరువును మింగి దాహం తీరని పాము, పాట వింటే తప్ప ముద్ద ముట్టని రాకుమారి, మగ్గం మీద మబ్బును నేసిన ముసలమ్మ. నేను తడబడితే తాత రంగులు కలిపే కొబ్బరిచిప్పల మీద కుంచె కాడతో దరువు వేసి రాగం అందుకునేవాడు. నాకు మాట దొరికేదాకా ఆపేవాడు కాదు. గోడ అవతల నుంచి తమ్ముడి మూలుగు వినబడేది. అది రోజురోజుకు సన్నబడుతుంటే నేను గొంతు పెంచేదాన్ని. ఆ ఒంటికన్ను రెప్ప వేయకుండా వినేది.

తొమ్మిదోనాడు మూలుగు లేదు. తగ్గింది కాబోలని సంబరపడ్డాను కూడా, పిచ్చిదాన్ని! అంతలో అమ్మ పెట్టిన కేక వినబడింది.

“నేను ఆపలే కద తాతా! మరి తమ్ముని దిక్కు ఎందుకు చూసిండు వాడు?” అని ఆయన రొమ్ము మీద గుద్దాను.

“ఆపలే బిడ్డా. అందుకే నువ్వన్న మిగిలినవు,” అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. తర్వాత కథలవాళ్లు వచ్చినప్పుడు, తన చెయ్యే జారిందని తాత చెప్పాడు. కాయ కొట్టకముందే కన్ను తెరిచిన పటాన్ని వాళ్లు ముట్టరు. నాలుగు నెలల పనిని చుట్టి, చిరిగిన పాతపటాలను సాగనంపినట్టే పసుపు కుంకుమ చల్లి ఏట్లో వదిలేశాడు. నా పేరు ఎక్కడా ఎత్తలేదు.

అంటురోగం ఉన్న ఇంటి గడప నన్ను తొక్కనివ్వకుండా తాత పన్నిన ఉపాయమది అని, నా పెళ్లయ్యాక అమ్మ చెప్పింది. ఆ ఏడు వాడలో ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు పోయారు. అది విన్నాక కూడా ఆయన మీద కోపం చాన్నాళ్లు పోలేదు. తమ్ముడు చివరి రోజున “అక్కేది?” అని అడిగాడట.

ఇప్పుడా కోపం లేదు. చుట్టుపక్కల ఏ ఇంట్లో పిల్లాడికి జ్వరమని తెలిసినా, మిగతా పిల్లల్ని పిలుచుకుని నా ముందు కూర్చోబెట్టుకుంటాను. ఒక చెవి గోడ అవతలే ఉంటుంది. కథ మాత్రం ఆపను.