సున్నపురాతి గనిలో నల్ల అంగీ మనిషి

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. చిన్నప్పటి నుంచీ అంతే. మా వాడలో ఎవరికైనా చీకట్లో ఏదో కనబడిందంటే, తాగి ఉంటావులే అని మొహం మీదే అనేవాణ్ని. ఇప్పటికీ ఎవరైనా నా ముందు అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోతాను. అలాంటివాణ్ని ఇది రాయాల్సి వస్తోందంటే నాకే చిరాగ్గా ఉంది. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. బతిమాలను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు జరిగిన సంగతి. మాది కరీంనగర్‌లో మగ్గాల ఇల్లు. మగ్గం గుంటలో కూర్చోవడం నా వల్ల కాక ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. యజమాని ఖాదర్ సాబ్‌ను ఉస్తాద్ అని పిలిచేవాణ్ని. పెళ్లి జంటను కుర్చీల్లో కూర్చోబెట్టి బొమ్మ తీయడం వస్తే ఫోటోగ్రాఫర్ అయిపోయినట్టేనని నేను అనుకునేవాణ్ని. ఆయన ఒప్పుకునేవాడు కాదు. పని తక్కువగా ఉన్న రోజుల్లో తన కెమెరా నా మెడలో వేసి, బస్సెక్కి ఊళ్లు తిరిగి రమ్మనేవాడు.

"జోడీలు తీస్కరా బేటా. ఒక దిక్కు నలుపు, ఒక దిక్కు తెలుపు. ఒక దిక్కు గుంపు, ఒక దిక్కు ఖాళీ. ఫ్రేముల ఎవన్ని ఏడ నిలవెట్టాల్నో నీ కంటికే తెల్వాలె," అనేవాడు.

ఆ ఎండాకాలం నేను నలుపు తెలుపుల జోడీ పట్టుకున్నాను. చొప్పదండి మీదుగా బస్సులో బయల్దేరి, మంచిర్యాల దాటి, బెల్లంపల్లిలో నలుపు తీశాను. బొగ్గు కుప్పలు, మసి పట్టిన గోడలు, షిఫ్టు దిగి వస్తున్న మనుషులు. ఇక తెలుపు కావాలి. మర్నాడు చెన్నూరు వైపు పోతుంటే రోడ్డు పక్కన సున్నపురాయి గని కనిపించింది. మధ్యాహ్నం ఎండకు కళ్లు తెరవలేనంత తెల్లగా ఉంది. బస్సు ఆపించి దిగేశాను.

ఎవరో గుత్తేదారు నడిపే చిన్న గని అది. పెద్ద గొయ్యి, అందులో రాళ్లు, దుమ్ము, మనుషులు, అంతా ఒకటే రంగు. ఆడా మగా కుడివైపు గుమిగూడి రాళ్లు తీసి తట్టల్లో మోస్తున్నారు. రోజూ ఉండే పనే అనుకున్నాను. కాదని ఎవరూ చెప్పలేదు. ఫోటో తీసుకుంటానంటే మేస్త్రీ మాత్రం "జల్ది తీస్కొని పో" అని కసిరాడు. తట్ట మోసే ఇద్దరు ఆడవాళ్లు తమకూ ఒక ఫోటో ఇమ్మన్నారు. తెస్తానని మాటిచ్చాను.

గట్టు మీద నిలబడి కెమెరా పైనున్న అద్దంలోకి చూశాను. బాగానే ఉంది గానీ ఏదో వెలితి. ఎడమవైపు ఒక పెద్ద రాళ్ల కుప్ప ఉంది. దాని దగ్గర పిట్ట మనిషి లేడు. అక్కడ ఒక్క నల్లటిదేదైనా ఉంటే బొమ్మకు ప్రాణం వస్తుందనిపించింది. మేకైనా సరే, గొడుగైనా సరే. కాసేపు చూశాను. ఏదీ రాలేదు. కాలు కదపకుండా అక్కడి నుంచే వెంటవెంటనే రెండు బొమ్మలు తీసి, తర్వాతి బస్సుకు వచ్చేశాను.

కరీంనగర్‌లో నా చేతులతో నేనే రీలు కడిగాను. మొదటి బొమ్మ నేను చూసినట్టే ఉంది. రెండోదానిలో రాళ్ల కుప్ప ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నల్లటి అంగీ, కుడి భుజం మీద తెల్లటి అతుకు. చేతులు కిందికి వదిలి, నేరుగా నా వైపే చూస్తున్నాడు.

ఉస్తాద్ మురిసిపోయాడు. "శభాష్! మంచి జాగల నిలవెట్టినవ్ మనిషిని!" అన్నాడు. నేనెవర్నీ నిలబెట్టలేదన్నాను. నాతోనే మజాక్‌లా అని కోప్పడ్డాడు. ఒట్టు వేశాక భూతద్దం తీసి చాలాసేపు చూశాడు.

ఒకదాని మీద ఒకటి పడిన బొమ్మ అని మీరు అంటారు. అందరూ అదే అంటారు, ఏదో కనిపెట్టినట్టు మొహం పెట్టి మరీ అంటారు. ఫోటో పని తెలిసినవాణ్ని చెబుతున్నాను, వినండి. రెండు బొమ్మలు కలిసిపోతే నల్ల చోటు మీదికి తెలుపు వస్తుంది. ఎండకు మెరిసే తెల్లరాయి మీదికి నల్ల అంగీ రాదు. రాయి తెలుపు దాన్ని మింగేస్తుంది. పైగా అతని నీడ కూడా మిగతా వాళ్ల నీడలు పడ్డ వైపే పడింది. ఉస్తాద్ భూతద్దం కింద పెట్టి, ఈ బొమ్మ ఎవరికీ చూపించకు అన్నాడు.

ఆయన మాట వింటే బాగుండేది. నాకు ఆ మనిషెవరో తేల్చుకోవాలని ఉంది. మాటిచ్చిన ఫోటోలు కూడా ఇవ్వాలి. కొన్ని రోజులకు రెండు బొమ్మలూ అచ్చువేసుకుని మళ్లీ ఆ గనికి పోయాను.

కుడివైపు ఇంకా తవ్వుతూనే ఉన్నారు, మనుషులు మాత్రం తగ్గారు. ఫోటో అడిగిన ఆడవాళ్ల చేతికి రెండో బొమ్మ ఇచ్చానో లేదో, ఒకామె కెవ్వుమంది. గట్టు మీద కూర్చున్న మరో ఆమెను చేయి పట్టుకుని లాక్కొచ్చారు. ఆమె పేరు లచ్చవ్వ. అసలు సంగతి అప్పుడు తెలిసింది. నేను ఫోటో తీసిన దానికి ముందు రోజు గని అంచు ఆ చివర నుంచి ఈ చివర దాకా కూలింది. ఆమె భర్త మల్లయ్య రాళ్ల కింద కూరుకుపోయాడు. నేను చూసిన ఆ తవ్వకమంతా అతని కోసమే.

లచ్చవ్వ బొమ్మను ఒళ్లో పెట్టుకుని భుజం మీది అతుకును వేలితో తడిమింది.

"గీ అతుకు నా సీర కొంగు సింపి నేనే ఏసిన. గీ అంగి నా పెట్టెల ఉన్నది అన్నా. ఆయనకెట్ల అచ్చింది?"

ఆ గనిలో పనివాళ్లు మంచి బట్టలతో లోపలికి దిగరు. పాకలో మేకుకు తగిలించి, గోచీతో దిగుతారు. సాయంత్రం కడుక్కున్నాక తొడుక్కుని ఇంటికి పోతారు. గని కూలిన సాయంత్రమే ఆమె ఆ అంగీని మేకు మీది నుంచి తీసుకెళ్లి పెట్టెలో దాచింది. అతనికి ఉన్న మంచి అంగీ అదొక్కటే.

ఇంతలో మేస్త్రీ వచ్చి బొమ్మ లాక్కున్నాడు. ఒక్క క్షణం అతని మొహం పాలిపోయింది, నేను చూశాను. ఆ తర్వాత నవ్వాడు. బొమ్మ తీసుకుపోయి గుత్తేదారుకు చూపించాడు.

"సచ్చిండు సచ్చిండని మొత్తుకున్నరు. గీడ సక్కగ అంగి తొడుక్కొని నిలవడ్డడు! పెండ్లాన్ని ఇడిసిపెట్టి ఉరికిండు, గంతే," అన్నాడు గుత్తేదారు. "బతికున్నోని కోసం తవ్వుడేంది? బంద్ చెయ్యుండ్రి."

నాకు రక్తం మరిగింది. మొదటి బొమ్మ వాళ్ల మొహం ముందు పెట్టాను. ఇందులో లేడు, ఆ వెంటనే తీసినదాంట్లో ఎలా వస్తాడని అరిచాను.

"గప్పుడు పాకల అంగి తొడుక్కుంటున్నడేమో," అన్నాడు మేస్త్రీ. చుట్టూ ఉన్న గుత్తేదారు మనుషులు నవ్వారు. సిగ్గులేని నవ్వు.

లచ్చవ్వ ఇంటికి పరుగెత్తి పెట్టెలోని అంగీ తెచ్చింది. గుత్తేదారు దాన్ని కన్నెత్తి చూడలేదు.

"తవ్వుడు బంద్ వెట్టకు పటేలా. నీ కాల్మొక్కుత. ఆయన బొక్కలన్న తీసియ్యి, ఆయనకు చేసేటి కర్మ చేసుకుంట," అని కాళ్ల మీద పడింది. ఆ సాయంత్రమే గడ్డపారలు పాకలోకి చేరాయి. మళ్లీ నోరెత్తబోతే నన్ను మెడబట్టి రోడ్డు మీదికి తోశారు.

ఊళ్లో పెద్దమనుషులు కూడా ఆ బొమ్మ చూసే తీర్పు చెప్పారు. మొగుడు బతికుండగా కర్మ ఎలా చేస్తారన్నారు. గాజులు తీయొద్దు, బొట్టు చెరపొద్దు అన్నారు. ఆమె బొట్టు పెట్టుకుని బజారులోకి వస్తే, లేచిపోయినవాడి పెళ్లామని నవ్వారు. ఏ నోటితో నవ్వారో ఆ నోట్లో మన్ను పడ! ఇదంతా నేను తీసిన బొమ్మతోనే చేశారు. అది నా చేతిలోంచి వచ్చిన బొమ్మల్లో అన్నిటికంటే మంచిది.

వానలు పోయాక గుత్తేదారు మారాడు. కొత్తవాడి మనుషులు ఎడమవైపు కుప్ప తొలగిస్తుంటే మల్లయ్య దొరికాడు. ఆ దారిలో తిరిగే బస్సు డ్రైవరు స్టూడియోకు కబురు తెస్తే పరుగెత్తాను.

ఒక పెద్ద బండ ఇంకో బండ మీదికి ఒరిగి, కింద మనిషి కూర్చునేంత సందు మిగిలింది. ఆ సందులో గోచీతో, వీపు ఆనించి కూర్చుని ఉన్నాడట. ఒక్క ఎముకైనా విరగలేదు. నేను పాత చోటే నిలబడి, మళ్లీ అచ్చువేసుకున్న రెండో బొమ్మను పట్టుకుని చూశాను. నల్ల అంగీ మనిషి సరిగ్గా ఆ సందు ముందు నిలబడి ఉన్నాడు.

పాత మేస్త్రీ లేడు కాబట్టి పనివాళ్లకు నోరు వచ్చింది. ఎడమవైపు వేలాడుతున్న బండ కిందికి పోవద్దని అందరికీ తెలుసు. మల్లయ్యను మేస్త్రీయే పంపించాడు. అది బయటపడకూడదని కుడివైపు తవ్వించాడు. మల్లయ్య నా బొమ్మలోకి వచ్చి చోటు చూపిస్తూ నిలబడితే, అదిగో బతికే ఉన్నాడని మేస్త్రీ గుత్తేదారుతో తవ్వకం ఆపించాడు.

లచ్చవ్వ ఏడవలేదు. పెట్టెలోంచి తెచ్చిన అంగీని అతని మీద కప్పింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"అన్నా, సచ్చినోడే దయ్యమైతడంటరు. రాయి ఆయన మీద పడనే లేదు. నువ్వు ఫోటువ తీసిననాడు ఆయన పాణంతోనే ఉన్నడా?"

నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.