బస్యూని బాబాయి మెడ

బస్యూని మెడకి వంగడం రాదు. నమాజులో దేవుడి ముందు తప్ప ఇంకెక్కడా వంగదు. ఇంటి గుమ్మం పొట్టిది, మనిషి పొడుగు. అయినా తల దించడు. మోకాళ్ళు మడిచి బాతులా లోపలికి నడుస్తాడు. మెడ వెనక వెంట్రుకలు గీయాలంటే మంగలి అతన్ని బోర్లా పడుకోబెట్టాల్సిందే.

అలాంటివాణ్ణి ఏరికోరి, కైరో నుంచి వచ్చిన సినిమావాళ్ళు ఊరిపెద్ద ఉమ్దా ముందు తల వంచే రైతు వేషానికి తీసుకున్నారు. ఆఖర్న రైతులంతా తిరగబడతారట. కానీ ముందు ఒకడు వంగాలిగా!

వెనక కాలవ నిండుగా కనపడాలని డైరెక్టరు కాలవల ఇంజినీరుని బతిమాలి తూము తలుపు ఎత్తించాడు. "ఈ సీను అయ్యేదాకానే" అన్నాడు ఇంజినీరు. నీళ్ళ వంతు కాని రోజున చుక్క వదలని మనిషి.

వీపున పిల్లాణ్ణి కట్టుకుని జనంలో నిలబడ్డ నబవియ్యకి సినిమా బుర్రకెక్కడం లేదు. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది కాలవ చిట్టచివర ఉన్న మొక్కజొన్న చేనే. రెండు వంతులుగా నీళ్ళు అక్కడిదాకా రాలేదు. ఇంకో రెండు రోజులైతే అది గేదెల మేతే.

"వంగు బాబాయ్!" అన్నాడు డైరెక్టరు.

"వంగుతున్నా కదయ్యా."

కళ్ళు మాత్రం వంగాయి. రెండోసారి నడుం వంగింది, మెడ నిటారుగానే ఉంది. ఐదోసారి తుమ్మాడు. తొమ్మిదోసారి ఉమ్దా వేషగాడి తలపాగా సర్ది, "ఇప్పుడు తిట్టు నాయనా" అన్నాడు.

"నువ్వు భయపడాలి!"

"భయపడ్డాను. మెడకే ఇంకా కబురందలేదు."

నబవియ్యకి ఒళ్ళు మండింది. "నీ ఒక్క మెడ కోసం ఊరంతా ఎండలో మాడాలా బాబాయ్?"

"ఊరికే నిలబడకపోతే, వెళ్ళి చేను చూసుకుని రారాదూ అమ్మాయ్?"

"ఎండిన చేలో చూడ్డానికేముంది!" అని గొణుక్కుంటూనే వెళ్ళింది.

గట్టు మీదే ఆగిపోయింది. బోదె నిండా నీళ్ళు! గబగబా దిగి, సాలుసాలుకీ మళ్ళించి, ఆఖరి మొక్క తడిశాకే వెనక్కి పరిగెత్తింది.

అప్పటికి ఇరవై రెండోసారి. ఉమ్దా వేషగాడు గొంతు పోయి గుసగుసగా తిడుతున్నాడు. నబవియ్య ఆయాసపడుతూ కెమెరా పక్కన నిలబడింది. బస్యూని ఆమెకేసి చూశాడు. తర్వాత మెల్లగా, గడ్డం ఛాతీకి ఆనేలా తల దించాడు.

డైరెక్టరు ఏడ్చినంత పని చేశాడు. ఇంజినీరు తూము దించడానికి పరుగెత్తాడు.

సాయంత్రం ఊరంతా వేళాకోళమే. "మొత్తానికి ఉమ్దాకి వంగావుగా బాబాయ్!" అంది నబవియ్య, నవ్వు ఆపుకుంటూ.

"ఎవడికి వంగాను? నీ కాళ్ళకి బురద ఎంతవరకు అంటిందో చూశాను" అని, బస్యూని బాతులా ఇంట్లోకి నడిచాడు.